స్పానిష్ కోసం మాలగా వెళ్ళొచ్చా? వెళ్ళండి, కానీ ఎ2 పూర్తి చేసుకుని వెళ్ళండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: గుంటూరులో డిగ్రీ అయిపోయింది, ఇంగ్లిష్ బాగానే వచ్చు, స్పానిష్ ఒక్క ముక్క రాదు. స్పెయిన్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళో ఏదైనా యూనివర్సిటీలో ఆరు నెలలు కోర్సు చేస్తే భాష వచ్చేస్తుందా, దాంతో ఉద్యోగం దొరుకుతుందా, మాలగా మంచిదా లేక బార్సిలోనా, వలెన్సియా లాంటివి చూసుకోవాలా అని అడిగారు. ఇంట్లోవాళ్ళు డబ్బు దండగ అంటున్నారని కూడా రాశారు.

సూటిగా చెప్తాను. వెళ్ళండి, మాలగా మంచి ఎంపికే, కానీ సున్నా నుంచి మొదలుపెట్టడానికి మాత్రం అక్కడికి వెళ్ళకండి. యూరప్‌లో భాషా స్థాయిని ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2 అని ఆరు మెట్లుగా లెక్కేస్తారు. ఎ1, ఎ2 రెండు మెట్లూ ఇక్కడే ఎక్కేసి, అక్కడ బి1లో కూర్చునేలా ప్లాన్ చేసుకోండి. అలా వెళ్తే ఒక సెమిస్టర్‌లో బి2 దగ్గరకు రావచ్చు, అది పదిమందిలో చెప్పుకోదగ్గ స్థాయి, ఉద్యోగానికీ పనికొస్తుంది. సున్నాతో వెళ్తే అదే డబ్బుకి ఎ2తో తిరిగొస్తారు. ఆ ఎ2 గుంటూరులో మీ గదిలో కూర్చుని ఆన్‌లైన్‌లో కూడా వచ్చేది.

నేను హైదరాబాద్‌లో స్పానిష్ నేర్పుతాను. మాలగా యూనివర్సిటీలో విదేశీయుల కోర్సు ఒక సెమిస్టర్ చదివాను, తర్వాత నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు మాలగాకీ, అలికాంతెకీ, వలెన్సియాకీ వెళ్ళొచ్చారు. వాళ్ళలో ఎవరికి భాష బాగా వచ్చింది, ఎవరికి రాలేదు అన్నది దగ్గర నుంచి చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

సున్నాతో ఎందుకు వద్దంటున్నానో కొంచెం వివరంగా చెప్పాలి. ఎ1లో నేర్పేది పేరు, ఊరు, అంకెలు, వారాలు, వర్తమానంలో క్రియలు ఎలా మారతాయి, సెర్‌కీ ఎస్తార్‌కీ తేడా ఏమిటి (రెండూ «ఉండటం» అనే అర్థమిచ్చే క్రియలే), ఇంతే. ఇవి ఎక్కడ కూర్చుని నేర్చుకున్నా ఒకటే, అక్కడైతే ఫీజు యూరోల్లో కడతారు. అసలు సమస్య క్లాసు బయట మొదలవుతుంది. మాలగా ఉన్నది దక్షిణ స్పెయిన్ సముద్రతీరం కోస్తా దెల్ సోల్ మీద. బ్రిటిష్‌వాళ్ళు, జర్మన్లు, స్కాండినేవియా వాళ్ళు వేల సంఖ్యలో అక్కడ ఇళ్ళు కొనుక్కుని స్థిరపడిపోయారు, టూరిస్టులు ఏడాది పొడుగునా ఉంటారు. మీరు ఒక్క మాట కోసం తడుముకుంటే చాలు, కాఫీ ఇచ్చే కుర్రాడు ఇంగ్లిష్‌లోకి మారిపోతాడు. క్లాసులో మీ పక్కన కూర్చునేవాళ్ళు కూడా జర్మనీ నుంచో, చైనా నుంచో, అమెరికా నుంచో వచ్చినవాళ్ళే, వాళ్ళకీ మీకూ మధ్య అందరికీ తెలిసిన భాష ఇంగ్లిషే. మొదటి నెలలో స్నేహాలు ఏ భాషలో కుదురుతాయో చివరిదాకా అదే భాషలో నడుస్తాయి, ఇది నేను చూసిన ప్రతివాళ్ళ విషయంలోనూ నిజమైంది. ఎ2తో దిగినవాడు తప్పులతోనైనా నిన్న ఏం చేశాడో చెప్పగలడు, ఎదుటి మనిషి చెప్పింది సగమైనా అందుకోగలడు. అప్పుడు అవతలివాళ్ళు ఇంగ్లిష్‌లోకి మారరు, ఓపిక పడతారు.

ఇద్దరి సంగతి చెప్తాను. ఒక అమ్మాయి విజయవాడలో బి.కామ్ చేసి, ఇక్కడ ఏడాదికి పైగా సాయంత్రం క్లాసులకు వచ్చి, ఎ2 పరీక్ష రాసి మరీ వెళ్ళింది. అక్కడ ప్రవేశ పరీక్షలో బి1లో పడింది. ఒక పెద్దావిడ ఇంట్లో ఉంది, సెమిస్టర్ చివరికి బి2 క్లాసులో ఉంది, వచ్చాక డెలె అనే అధికారిక స్పానిష్ పరీక్ష బి2 స్థాయిలో పాసైంది. ఒక అబ్బాయి, ఆమె కన్నా తెలివైనవాడే, మూడు నెలల కోర్సుకి ఏమీ నేర్చుకోకుండా వెళ్ళాడు. మన దేశం వాళ్ళతోనే ఫ్లాట్ పంచుకున్నాడు, రోజూ వంట, సినిమాలు, వారాంతం ట్రిప్పులు, ఫొటోలన్నీ చాలా బాగున్నాయి. తిరిగొచ్చాక నేను మామూలు ప్రశ్నలు అడిగితే ఎ2 మధ్యలో ఆగిపోయాడు. అతనిలో లోపం ఏమీ లేదు, అతను వెళ్ళిన పద్ధతి అంతకన్నా ఎక్కువ ఇవ్వలేదు.

లెక్క కూడా చూడండి. ఇంటెన్సివ్ కోర్సు అంటే సాధారణంగా వారానికి 20 గంటలు, నాలుగు వారాలకి 80. ఒక స్థాయి నుంచి పై స్థాయికి వెళ్ళడానికి అది చాలదు, పైకి వెళ్ళేకొద్దీ ఇంకా ఎక్కువ గంటలు కావాలి. ఏజెంట్లు ఎవరైనా నెలకో లెవెల్ అంటే నమ్మకండి.

యూనివర్సిటీ కోర్సు అంటే డిగ్రీ కాదు. ఇది చాలామందికి తెలియదు. మాలగా యూనివర్సిటీ 1972లో ఏర్పడింది, విదేశీయులకు స్పానిష్ నేర్పే కోర్సులు మాత్రం ఆ ఊళ్ళో 1947 నుంచే ఉన్నాయి. ఇప్పుడవి ఊరి తూర్పు చివర ఎల్ పాలో అనే పేటలో, సముద్రానికి నడిచి వెళ్ళేంత దూరంలో జరుగుతాయి. యూనివర్సిటీ పెద్ద క్యాంపస్ తెయాతినోస్ పడమటి వైపున ఉంటుంది, అంటే స్పానిష్ విద్యార్థులందరూ ఊరికి ఒక చివర, భాష నేర్చుకునే విదేశీయులు ఇంకో చివర. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను. కోర్సు అయ్యాక ఇచ్చేది యూనివర్సిటీ సొంత సర్టిఫికెట్. దానికి విలువ ఉంది, కానీ ప్రపంచమంతా అడిగే అధికారిక పత్రం డెలె. దాన్ని స్పెయిన్ విద్యాశాఖ తరఫున ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ ఇస్తుంది, దానికి గడువు లేదు, ఒకసారి వస్తే జీవితాంతం చెల్లుతుంది. సియెలె అని 2016లో మొదలైన ఇంకో పరీక్ష ఉంది, కంప్యూటర్ మీద రాస్తారు, ఫలితం త్వరగా వస్తుంది, కానీ అయిదేళ్ళే చెల్లుతుంది. మాస్టర్స్‌కి అప్లై చేయాల్సిన తేదీ దగ్గర పడితే సియెలె, లేకపోతే డెలె. డెలెకి నెలల ముందే పేరు నమోదు చేసుకోవాలి, కోర్సులో చేరిన వారంలోనే ఆ తేదీలు చూసుకోండి.

ఇక ఏ ఊరు అన్న ప్రశ్న. బార్సిలోనా అందమైన ఊరు, కానీ భాష కోసమే వెళ్ళేవాళ్ళకి నేను చెప్పను. అక్కడ కతలాన్ కూడా అధికార భాష, బడుల్లో, ఆఫీసుల్లో, యూనివర్సిటీ పాఠాల్లో అది బాగా నడుస్తుంది, పైగా అద్దెలు ఎక్కువ. వలెన్సియాలోనూ అలికాంతెలోనూ వలెన్సియన్ అలాగే రెండో అధికార భాష, అయితే అలికాంతె నగరంలో వీధిలో వినిపించేది ఎక్కువగా స్పానిషే. అలికాంతె యూనివర్సిటీ నిజానికి పక్కనున్న సాన్ విసెంతె దెల్ రస్పెయిగ్‌లో ఉంది, ఊళ్ళోంచి ట్రామ్‌లో వెళ్ళాలి. క్యాంపస్ విశాలంగా, పచ్చగా ఉంటుంది, అక్కడ చదివినవాళ్ళు తృప్తిగానే వచ్చారు. వలెన్సియా పెద్ద ఊరు, యూనివర్సిటీ 1499 నాటిది, తర్వాత అక్కడే మాస్టర్స్ చేసే ఆలోచన ఉంటే అది చూడండి. కేవలం స్పానిష్, అన్ని చోట్లా స్పానిష్ అయితే మాలగా.

మాలగా మీద ఒక అపవాదు ఉంది, అక్కడి యాస అర్థం కాదు, పాడైపోతారు అని. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే దీనివల్లే మంచి అవకాశం వదులుకున్నవాళ్ళని చూశాను. మాలగా ఉన్న దక్షిణ ప్రాంతం పేరు ఆందలూసియా. అక్కడి యాసలో మాట చివరి «స» మింగేస్తారు. «మాస్ ఒ మెనోస్» అన్నది «మా ఒ మెనో» అవుతుంది. «పెస్కాదో» లోని «ద» పోయి «పెస్కావో» అవుతుంది. బహువచనం తెలిపే «స» మింగేసినప్పుడు దాని ముందున్న అచ్చుని కొంచెం తెరిచి పలుకుతారు, ఆ తేడా పట్టుకోవడానికి మొదట్లో ఎవరికైనా కష్టమే. నేను వెళ్ళిన మొదటి వారాల్లో క్లాసులో టీచర్ చెప్పేది మొత్తం అర్థమయ్యేది, బస్సు డ్రైవర్ చెప్పేది ఒక్క ముక్క అందేది కాదు. నెలన్నర గడిచేసరికి చెవి అలవాటు పడింది. ఆ తర్వాత మాడ్రిడ్ రేడియో పెడితే ఎవరో మనకోసమే నిదానంగా చదువుతున్నట్టు అనిపించింది.

ఇందులో ఉద్యోగానికి పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. మాడ్రిడ్‌లో నాలుక పళ్ళ మధ్య పెట్టి పలికే ధ్వనిని మాలగా నగరంలో చాలామంది మామూలు «స» లాగే పలుకుతారు. దక్షిణ, మధ్య అమెరికా దేశాల్లోనూ అంతే. ఆ ఖండానికి ఓడలు బయల్దేరింది సెవియా, కాదిస్ రేవుల నుంచి, ఆందలూసియా వాళ్ళు పెద్ద సంఖ్యలో వెళ్ళారు, వాళ్ళ యాస అక్కడి స్పానిష్ మీద గట్టి ముద్ర వేసింది. హైదరాబాద్‌లో, బెంగళూరులో స్పానిష్ ఉద్యోగాలంటే చాలావరకు మెక్సికో, కొలంబియా లాంటి దేశాల కస్టమర్లతో మాట్లాడేవి, లేకపోతే అమెరికాలో స్పానిష్ మాట్లాడేవాళ్ళతో. మాలగాలో చెవి తయారైనవాళ్ళకి ఆ ఫోన్ కాల్స్ తొందరగా అందుతాయి.

తెలుగువాళ్ళకి స్పానిష్‌లో కొన్ని సహజమైన సౌకర్యాలున్నాయి, వాటిని వాడుకోవాలి. మన «త», మన «ద», మన అచ్చులు అలాగే వాడండి. స్పానిష్ «త» పళ్ళకి తగిలేది, మన తల, తమ్ముడులోని త. మనవాళ్ళు ఇంగ్లిష్ అలవాటుతో రోమన్ లిపి చూడగానే «ట» అనేస్తారు. నా క్లాసులో మొదటి రోజు స్పానిష్ మాటలన్నీ తెలుగు లిపిలో రాయిస్తాను, సగం ఉచ్చారణ అక్కడే సరైపోతుంది. అచ్చులు అయిదూ మన అ, ఎ, ఇ, ఒ, ఉ లాగే నిక్కచ్చిగా ఉంటాయి, ఇంగ్లిష్‌లో లాగా సాగవు. క్రియలోనే కర్త ఉంటుంది కాబట్టి వచ్చాను, వచ్చావు, వచ్చారు అన్నట్టు «నేను», «నువ్వు» వదిలేయడం మనకి వింత కాదు. «నాకు మామిడిపండు ఇష్టం» అనే వాక్యం ఎలా కూర్చుంటుందో «మె గూస్తా ఎల్ మాంగో» కూడా అలాగే కూర్చుంటుంది. ఇంగ్లిష్ వాళ్ళు నెలల తరబడి తికమక పడే చోటు ఇది, మనం తెలుగులో ఆలోచిస్తే ఒక్క గంటలో అయిపోతుంది. మనకి కష్టమయ్యేది లింగం. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం అనే భేదం తెలుగులో లేదు, హిందీ వచ్చినవాళ్ళకి ఆ ఆలోచనైనా పరిచయం ఉంటుంది. దీనికి దగ్గరి దారి లేదు, ప్రతి మాటనీ ముందున్న «ఎల్», «లా»తో కలిపే బట్టీ పట్టాలి, అది కూడా ఇక్కడ ఉన్నప్పుడే మొదలుపెట్టాలి.

ఇప్పుడు అసలు విషయం. క్లాసు పొద్దున ఉంటుంది, మధ్యాహ్నానికి అయిపోతుంది. ఆ తర్వాతి గంటలు ఎలా గడుపుతారో దాన్నిబట్టే మీ స్పానిష్ ఉంటుంది. ఎల్ పాలోలో క్లాసు అయ్యాక అందరూ పెద్రెగాలెహో బీచ్‌కి పోతారు, ఎండ బాగుంటుంది, సంవత్సరంలో చాలా నెలలు ఉంటుంది, అందరూ ఇంగ్లిష్‌లో కబుర్లు చెప్పుకుంటారు. వారానికోసారి వెళ్ళండి, రోజూ వద్దు.

ఊరి మధ్యలో అతారసానాస్ మార్కెట్ ఉంది, దాని ద్వారం 14వ శతాబ్దం ముస్లిం రాజుల కాలం నాటి రాతి తోరణం. కూరగాయలు అక్కడ కొనండి, సూపర్‌మార్కెట్‌లో కాదు. దుకాణం ముందు మన రైతుబజార్లో లాగానే జనం గుంపుగా నిలబడి ఉంటారు, వరస కనిపించదు, కానీ వరస ఉంది. కొత్తగా వచ్చిన మనిషి «కియెన్ ఎస్ ఎల్ ఊల్తిమో?» అని అడగాలి, చివర ఉన్నది ఎవరు అని. ఎవరో ఒక ముసలావిడ «యో» అని చెయ్యెత్తుతుంది, ఇక ఆవిడ తర్వాత మీరే. ఇంకాసేపటికి వెనక ఇంకెవరో అడుగుతారు, అప్పుడు «యో» అనాల్సింది మీరు. అడగకుండా నిలబడితే మీ వంతు ఎప్పటికీ రాదు. మీ వంతు వచ్చాక జున్ను ముక్కో ఆలివ్‌లో అడిగేటప్పుడు «క్వార్తో ఇ మితాద్» అనే కొలత వినిపిస్తుంది, అంటే పావుకిలో, దాని మీద దాని సగం, 375 గ్రాములు. పుస్తకంలో ఈ మాట రాదు. అలా అడిగితే అమ్మేవాడు తలెత్తి చూస్తాడు, ఏ ఊరు మీది అంటాడు, సంభాషణ మొదలైపోయినట్టే. మార్కెట్‌లో ఒక అరగంట నిలబడితే క్లాసులో రెండు గంటలు కూర్చున్నంత మాట్లాడిస్తారు.

కాఫీ దగ్గర కూడా అంతే. మాలగాలో ఉత్త కాఫీ అని అడిగితే సరిపోదు, పాలు ఎన్ని, డికాక్షన్ ఎంత అనే దాన్నిబట్టి ఒక్కోదానికి ఒక్కో పేరు: సోలో, లార్గో, మితాద్, సోంబ్రా, నూబె, ఇంకా మధ్యలో కొన్ని. మన పాల కాఫీకి అలవాటు పడినవాళ్ళకి పాలు ఎక్కువ ఉండే సోంబ్రా సరిపోతుంది. పొద్దున క్లాసుకి ముందు ఒకే కాఫీ కొట్టుకి రోజూ వెళ్ళండి, చిన్న రొట్టె «పితూఫో» మీద టమాటా గుజ్జు, ఆలివ్ నూనె వేసి ఇస్తారు. వారం తిరిగేసరికి వాళ్ళు మిమ్మల్ని గుర్తుపడతారు. కొత్త మనుషులతో కాకుండా తెలిసిన మనిషితో రోజూ రెండు నిమిషాలు మాట్లాడటం వల్ల బెరుకు పోతుంది.

ఇందాక చెప్పిన తెయాతినోస్ సంగతి. అక్కడ వేలమంది స్పానిష్ విద్యార్థులు ఉంటారు, వాళ్ళకి ఇంగ్లిష్ బి1 లేదా బి2 కావాలి, మీకు స్పానిష్ కావాలి. ఇలా ఒకరికొకరు భాష నేర్పుకోవడాన్ని అక్కడ «ఇంతెర్‌కాంబియో» అంటారు, అరగంట వాళ్ళ భాష, అరగంట మీ భాష. మీకు ఇంగ్లిష్ బాగా వచ్చు కాబట్టి ఇది మీ చేతిలో ఉన్న ఆస్తి. మెట్రోలో వెళ్ళి క్యాంపస్ నోటీసు బోర్డులు చూడండి, మీరే ఒక కాగితం అంటించండి. వారానికి ఇద్దరు చాలు, కానీ టైమ్ కచ్చితంగా పాటించండి, అరగంట స్పానిష్ అనుకుంటే అరగంటా స్పానిషే. మార్చిలో స్పానిష్ సినిమా ఉత్సవం జరుగుతుంది, 1998 నుంచి ఉంది, ఫిబ్రవరి సెమిస్టర్‌లో ఉంటే వదలకండి. పికాసో పుట్టింది ఈ ఊళ్ళోనే, 1881లో. ఆయన మ్యూజియంలో ఆదివారం చివరి రెండు గంటలు ప్రవేశం ఉచితం, బొమ్మల పక్కన రాసినవి స్పానిష్‌లో చదువుతూ నెమ్మదిగా తిరగండి.

ఎక్కడ ఉండాలి? మొదటి రెండు నెలలైనా స్థానిక కుటుంబంతో ఉండండి, యూనివర్సిటీ వాళ్ళే కుదురుస్తారా అని మొదటి మెయిల్‌లోనే అడగండి. ఫ్లాట్ కన్నా కొంచెం ఖర్చు ఎక్కువ అనిపిస్తుంది, కానీ భోజనం బల్ల దగ్గర వచ్చే భాష ఇంకెక్కడా రాదు. భోజనం మధ్యాహ్నం రెండున్నర, మూడుకి, రాత్రి తొమ్మిది దాటాక. మధ్యలో చిన్న దుకాణాలు మూసేస్తారు. ఈ వేళలకి శరీరం సర్దుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఇంకోటి, చలికాలంలో ఇళ్ళ లోపల బయటికన్నా చలిగా అనిపిస్తుంది. చాలా పాత ఇళ్ళల్లో సెంట్రల్ హీటింగ్ ఉండదు, నేలంతా పలకలు. సముద్రం ఊరు కదా అని స్వెటర్ లేకుండా వెళ్ళి జలుబుతో పడుకున్నవాళ్ళున్నారు.

శాకాహారులైతే ఒక మాట. «మాంసం లేకుండా» అని చెబితే హామ్ (పంది మాంసం) తీసేయరు, ట్యూనా చేప తీసేయరు, వాళ్ళ లెక్కలో అవి వేరు. సలాడ్ అని అడిగితే దానిమీద ట్యూనా వచ్చేస్తుంది. «సిన్ హమోన్, సిన్ అతూన్, సిన్ పెస్కాదో» (హామ్ లేకుండా, ట్యూనా లేకుండా, చేప లేకుండా) అని విడివిడిగా చెప్పండి. ఆ ఊరి వంటల్లో మనకి పనికొచ్చేవి ఉన్నాయి: వంకాయ ముక్కలు వేయించి పైన చెరకు పాకం పోసి ఇస్తారు, బాదంపప్పు, వెల్లుల్లి, రొట్టె కలిపి రుబ్బిన చల్లటి పులుసు ఆహోబ్లాంకో అని ఉంటుంది, ద్రాక్షపళ్ళు వేసి ఇస్తారు. చేప తినేవాళ్ళకైతే ఎల్ పాలో తీరంలో, ఇసుక నింపిన పాత పడవలో నిప్పు వేసి, వెదురు లాంటి పుల్లకి సార్డీన్లు గుచ్చి కాలుస్తారు, అది తినకుండా రాకండి.

వీసా గురించి అడగలేదు కానీ దీని దగ్గరే ప్లాన్లు తారుమారవుతాయి. కోర్సు 90 రోజుల లోపైతే షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి చెల్లే స్వల్పకాలిక వీసా) సరిపోతుంది. దాటితే స్టూడెంట్ వీసా, దానికి వారానికి కనీసం 20 గంటల పూర్తిస్థాయి కోర్సు ఉండాలి. 180 రోజులు దాటేట్టయితే పోలీసు క్లియరెన్స్, మెడికల్ సర్టిఫికెట్ అదనం. పోలీసు క్లియరెన్స్‌కి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర) వేయించి స్పానిష్‌లోకి అధికారిక అనువాదం చేయించాలి, దీనికే వారాలు పడతాయి. ఇలా 180 రోజులు దాటేవాళ్ళు అక్కడికి చేరాక నెల లోపు విదేశీయుల గుర్తింపు కార్డుకి అప్లై చేయాలి, ఫీజు కట్టే ఫారం «790, కోడ్ 012». వేలిముద్రల అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద టెన్షన్, దిగిన రోజు నుంచే వెబ్‌సైట్‌లో చూస్తూ ఉండండి. ఇల్లు తీసుకునే ముందే మున్సిపాలిటీలో చిరునామా నమోదుకి ఒప్పుకుంటారా అని యజమానిని అడగండి, కొందరు ఒప్పుకోరు. మీరన్న ఆరు నెలలు సరిగ్గా ఆ 180 రోజుల గీత దగ్గర ఉంది. కోర్సు తేదీలు ఆ లోపల ఉండేలా చూసుకుంటే చాలా తిరుగుడు తప్పుతుంది.

బ్యాంకులో డబ్బు చూపించేటప్పుడు ఇప్రెమ్ అనే స్పెయిన్ ప్రభుత్వ ఆదాయ సూచిక వాడతారు, 2023 నుంచి అది నెలకు 600 యూరోలు. అది కాగితం మీద చూపించాల్సిన కనీసం మాత్రమే, మాలగాలో ఒక గది అద్దెకే అందులో ఎక్కువ భాగం పోతుంది, కాబట్టి అసలు బడ్జెట్ దానికన్నా బాగా పైన వేసుకోండి. ఇన్సూరెన్స్ స్పెయిన్‌లో పనిచేయడానికి అనుమతి ఉన్న కంపెనీదై, కో-పే (వైద్య ఖర్చులో మనం కట్టే వాటా) లేనిదై ఉండాలి, మన దగ్గర మామూలుగా తీసుకునే ట్రావెల్ పాలసీ చెల్లకపోవచ్చు. పార్ట్‌టైమ్ ఉద్యోగం చేసి ఖర్చు రాబట్టుకోవచ్చని మాత్రం లెక్క వేసుకోకండి. 2025 మే 20 నుంచి విదేశీయుల కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి, డిగ్రీ చదివేవాళ్ళకి ఉండే పని అనుమతి భాషా కోర్సువాళ్ళకి ఉంటుందనుకుని వెళ్తే ఇబ్బంది పడతారు. ఏజెంట్ చెప్పింది కాకుండా కాన్సులేట్ పేజీలో ఉన్నది చదవండి.

మీ ఇంట్లోవాళ్ళ భయం అర్థం లేనిది కాదు. వాళ్ళతో ఇప్పుడే లక్షల గురించి వాదించకండి. హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ)లో స్పానిష్ విభాగం ఉంది, ఢిల్లీలో సెర్వాంతెస్ కేంద్రం ఉంది, ఆన్‌లైన్‌లో మంచి టీచర్లు ఉన్నారు. ముందు ఎ1, ఎ2 చేసి పరీక్ష రాయండి. దానికయ్యే ఖర్చు తక్కువ, అప్పటికి ఈ భాష మీకు నిజంగా నచ్చిందో లేదో మీకే తెలుస్తుంది. ఉద్యోగం విషయంలో నా అభిప్రాయం: బి2 ఉంటే కంపెనీలు ఇంటర్వ్యూకి పిలుస్తాయి, కానీ భాష ఒక్కటే చూసి తీసుకునేవి తక్కువ. అకౌంట్స్‌కో, సాఫ్ట్‌వేర్ సపోర్ట్‌కో, టూరిజంకో పక్కన స్పానిష్ ఉంటే దాని బలం వేరు. నేను చెప్పిన బి.కామ్ అమ్మాయికి ఉద్యోగం వచ్చింది బి.కామ్, స్పానిష్ రెండూ ఉన్నందుకు.

ఎప్పుడు వెళ్ళాలంటే అక్టోబర్‌లో మొదలయ్యే సెమిస్టర్ కానీ ఫిబ్రవరిది కానీ తీసుకోండి. జూలై, ఆగస్టు వద్దు. అద్దెలు పెరిగిపోతాయి, ఊరంతా టూరిస్టులు, ఆగస్టులో ఊరి జాతర ఫెరియా ఉంటుంది, పైగా తెర్రాల్ అనే వేడి గాలి లోపలి నుంచి వీస్తే మన మే నెల గుర్తొస్తుంది. ఫిబ్రవరిది నాకు ఇంకా ఇష్టం, క్లాసులు అయ్యేకొద్దీ పొద్దు పొడుగవుతుంది, జనం బయట కూర్చోవడం మొదలుపెడతారు, మాట్లాడే అవకాశాలు పెరుగుతాయి. వీసా కాగితాలు కనీసం మూడు నాలుగు నెలల ముందు మొదలుపెట్టాలి.

మీ డిగ్రీ ఏ సబ్జెక్టులోనో రాయలేదు. అది చెబితే అక్కడే మాస్టర్స్ చేసే దారి మీకు సరిపోతుందో లేదో కూడా రాస్తాను.